పాత బండికి సర్వీసు రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, అది మన హక్కని తేల్చింది. ఆ తీర్పు గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. డి.ఎ. బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పారు. మిగిలింది నేను. "నువ్వు అమెరికాలో మోటారు సైకిలు రేసుకు పోయినావంట కదా, ఆ సంగతి చెప్పు, భోజనాలకు ఇంకా టైముంది" అన్నారు మన కోశాధికారిగారు.

ముందుగా ఒక సవరణ. నేను రేసు నడపలేదు. రేసు నడిపిన బండికి గుమాస్తాగా పనిచేశాను. ముప్పై మూడేళ్ళు ఇరిగేషను శాఖలో కాగితాలు మోసినవాడిని, అక్కడ కూడా నా పని అదే అయింది.

నాకు ఇప్పుడు 75 ఏళ్ళు. 2008లో 58 నిండి రిటైరయ్యాను. మీలో చాలామందికి నా కంటే నా యెజ్డీ బండే ఎక్కువ గుర్తు. 1978లో జి.పి.ఎఫ్. అడ్వాన్సు పెట్టి కొన్నాను. కర్నూలులో ఉన్న రోజుల్లో కె.సి. కాలువ గట్టు మీద ఆ బండి తిరగని మైలు లేదు. బిల్లుల కాగితాలు సంచిలో వేసుకుని సెక్షను ఆఫీసులకు పోవాలంటే బస్సు ఉండేది కాదు. వానాకాలంలో ఆ గట్టు మీద నల్లరేగడి చక్రానికి పట్టి బండి ముందుకూ పోదు, వెనక్కూ రాదు. దిగి పుల్లతో మట్టి గీకి మళ్ళీ ఎక్కటం. ఆ అనుభవం నలభై ఏళ్ళ తరువాత పదమూడు వేల కిలోమీటర్ల అవతల పనికొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

2018 ఏప్రిల్లో మా అమ్మాయి దగ్గరకు ఒహాయో రాష్ట్రం పోయాము, నేనూ మా ఆవిడా. కొలంబస్ నగరం పక్కనే వాళ్ళ ఇల్లు. అక్కడికి పోయిన తల్లిదండ్రుల బతుకు మీకు తెలుసు. పొద్దున్నే పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకు. మనం కిటికీ దగ్గర. మూడో వారానికి నాకు గోడ గడియారం శబ్దం కూడా వినపడటం మొదలయింది.

ఒక రోజు మధ్యాహ్నం ఆ నిశ్శబ్దంలో ఒక చప్పుడు వచ్చింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది టూ స్ట్రోకు ఇంజను చప్పుడు. నా యెజ్డీకి అన్నయ్యదో తమ్ముడిదో అయిన గొంతు. చెప్పులు వేసుకుని ఆ శబ్దం వెంట పోయాను. రెండిళ్ళ అవతల ఒక గ్యారేజీ. అందులో నాకంటే మూడేళ్ళు పెద్దాయన, 71 ఏళ్ళ మనిషి, బక్కగా, పొడుగ్గా, చేతుల నిండా గ్రీజు. ఆయన ముందు స్టూలు మీద లైట్లు లేని, హారను లేని, స్టాండు కూడా లేని ఒక పాత మోటారు సైకిలు.

"సీజెడ్?" అన్నాను ట్యాంకు మీద గుర్తు చూసి. ఆయన ఆశ్చర్యపోయి నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. "నీకెట్లా తెలుసు?" అన్నాడు. "మా ఇంట్లో దీని చుట్టం ఉంది" అన్నాను.

ఆ చుట్టరికం ఏమిటో పిల్లల కోసం చెబుతాను. పాత చెకోస్లొవేకియా దేశంలో జావా అని ఒక కంపెనీ, సీజెడ్ అని ఒక కంపెనీ. సీజెడ్ అంటే చెక్ ఆయుధాల కర్మాగారం అని అర్థం. స్త్రాకొనిత్సె అనే ఊళ్ళో తుపాకులు చేస్తూ సైకిళ్ళకూ, ఆ తరువాత మోటారు సైకిళ్ళకూ వచ్చారు. జావా పేరు యానెచెక్ అనే యజమాని పేరులోని మొదటి అక్షరాలు, ఆయన లైసెన్సు తీసుకున్న వాండరర్ అనే కంపెనీ పేరులోని మొదటి అక్షరాలు కలిపి 1929లో పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ప్రభుత్వం రెంటినీ జాతీయం చేసి కలిపి నడిపింది. ఆ జావా బండినే మన మైసూరులో ఐడియల్ జావావారు 1961 నుంచి తయారుచేశారు. 1973 నుంచి యెజ్డీ అనే పేరు పెట్టారు. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. పేర్లు మాత్రం 2018లో జావా, 2022లో యెజ్డీ అని కొత్త బళ్ళ మీద మళ్ళీ వచ్చాయి. కనుక నా బండీ, ఆయన బండీ ఒక వంశం. ఒకటి గుమాస్తా ఉద్యోగానికి పోయింది, ఇంకొకటి కుస్తీకి పోయింది. అంతే తేడా.

ఆ కుస్తీ పేరు మోటోక్రాస్. రోడ్డు మీద కాదు. మట్టి, గుట్టలు, గోతులు, మలుపులు ఉన్న బాటలో చుట్లు తిరగటం. ఇది 1924లో ఇంగ్లండులోని కాంబర్లీ దగ్గర మొదలయిందని చెబుతారు. అప్పట్లో దాన్ని స్క్రాంబుల్ అనేవారు. 1957లో ప్రపంచ పోటీలుగా మారింది. 1964లో బెల్జియం కుర్రవాడు జోయెల్ రాబర్ట్ సీజెడ్ బండి మీద 250 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. 1968, 1969లో మళ్ళీ అదే బండి మీద గెలిచాడు. తూర్పు జర్మనీకి చెందిన పాల్ ఫ్రీడ్రిక్స్ 1966 నుంచి మూడేళ్ళు వరుసగా 500 సీసీ విజేత. పెద్ద పెద్ద ఫోర్ స్ట్రోకు బళ్ళు ఏలుతున్న ఆ తరగతిలో టూ స్ట్రోకు బండి గెలవటం 1966లో అదే మొదలు. 1960ల చివర యూరపు ఆటగాళ్ళు అమెరికా వచ్చి ప్రదర్శన పోటీలు ఆడారు. మన పెద్దాయన ఇరవై ఏళ్ళ వయసులో రాబర్ట్ ఆట చూసి మతిపోయి, కొన్నాళ్ళకు ఒక పాత సీజెడ్ కొన్నాడు. పెళ్ళి, పిల్లలు, ఫ్యాక్టరీ ఉద్యోగం. బండి అటకెక్కింది. రిటైరయ్యాక కిందకు దించాడు.

ఇప్పటి బళ్ళ పక్కన ఆ బండిని నిలబెడితే పోటీయే ఉండదు. 1973, 74 ప్రాంతాల్లో యమహావారి మోనోషాకుతో మొదలై, చక్రం పైకీ కిందకీ ఆడే దూరం బాగా పెరిగిపోయింది. గోతిలో పడ్డా నడిపేవాడికి తెలియదు. అందుకని పాత బళ్ళకు విడిగా పోటీలు పెట్టారు. అమెరికాలో ఆ పాత తరగతులకు నియమం ఏమిటంటే, ముందు చక్రం ఆట 7 అంగుళాలు, వెనుక చక్రం ఆట 4 అంగుళాలు మించకూడదు. నడిపేవారి వయసును బట్టి కూడా తరగతులు ఉంటాయి. 60 దాటినవారికి ఒకటి, 70 దాటినవారికి కూడా ఉంది. అయ్యా, మన దగ్గర 70 దాటితే అదనపు పెన్షను వస్తుందా రాదా అని చూస్తాము. అక్కడ 70 దాటితే ఏ తరగతిలో దూకవచ్చా అని చూస్తారు.

ఆయన గురి జూలై నెల మీద ఉంది. ఒహాయోలోనే లెక్సింగ్టన్ అనే ఊరి దగ్గర, మిడ్ ఒహాయో రేసు మైదానంలో, ప్రతి జూలైలో పాత మోటారు సైకిళ్ళ తిరునాళ్ళు జరుగుతుంది. మా అమ్మాయి ఇంటికి గంట ప్రయాణం.

రెండో రోజు నుంచి నేను ఆ గ్యారేజీలో హాజరు. మా ఆవిడ "ఉద్యోగంలో కూడా ఇంత టైముకు పోలేదు" అన్నది.

పాత బండిని రేసుకు సిద్ధం చేయటమంటే మెరుగుపెట్టటం అనుకున్నాను. ఆయన రంగు జోలికే పోలేదు. "రంగు తప్పు కప్పుతుంది" అన్నాడు. పని వరుస ఇది.

మొదట చట్రం. బండి మొత్తం విప్పి, కడిగి, హ్యాండిలు మెడ దగ్గర, ఫుట్‌రెస్టు అతికిన చోట, ఇంజను బిగించే చెవుల దగ్గర రంగు గీకేశాడు. ఎర్రటి ద్రవం పూసి, కాసేపటికి తుడిచేసి, పైన తెల్ల పొడి చల్లే మందు కొట్టాడు. పగులు ఉంటే అందులో దాగిన ఎరుపు తెలుపు మీదకు సన్న గీతలాగా పైకి వస్తుంది. ఎడమ ఫుట్‌రెస్టు దగ్గర వెంట్రుక మందం గీత వచ్చింది. కంటికి కనపడే పగులు కాదు. వెల్డింగు చేయించాడు.

తరువాత చక్రాలు. బేరింగులు, వెనుక ఫోర్కు బుష్షులు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడటం. స్పోకులను చిన్న స్పానరుతో ఒక్కొక్కటీ తట్టటం. బిగిసినది టంగుమంటుంది, వదులైనది దబ్బుమంటుంది. టైరులో గాలి 12 నుంచి 14 పౌండ్లే. మన రోడ్డు బండికి దానికి రెట్టింపు పెట్టిస్తాము. గాలి తక్కువుంటే టైరు మట్టిని పట్టుకుంటుంది. కానీ అంత తక్కువ గాలిలో రిమ్ము తిరిగి టైరు తిరగక, ట్యూబు వాల్వు తెగిపోతుంది. అందుకని టైరును రిమ్ముకు అదిమి పట్టే బోల్టు ఒకటి లోపల వేస్తారు. నాకు ఇది కొత్త పాఠం.

మూడోది ఇంజను. టూ స్ట్రోకు ఇంజనులో పెట్రోలు, ఆయిలు, గాలి కలిసి ముందు కింది గదిలోకి వస్తాయని మెకానిజం తెలిసినవారికి తెలుసు. క్రాంకు పక్కన రబ్బరు సీళ్ళు ఎండిపోతే అక్కడి నుంచి ఉత్త గాలి లోపలకు జొరబడుతుంది. పెట్రోలు పాలు తగ్గి, ఇంజను కాలి, పిస్టను పట్టేస్తుంది. వేగంలో ఉండగా పట్టేస్తే వెనుక చక్రం ఆగిపోతుంది, మనిషి గాల్లో ఉంటాడు. పెద్దాయన ఇంజను దారులన్నీ బిరడాలతో మూసి, చేతి పంపుతో 6 పౌండ్ల ఒత్తిడి ఎక్కించి, గేజీ ముల్లు చూస్తూ కూర్చున్నాడు. ముల్లు దిగింది. కొత్త సీళ్ళు వేశాడు. మళ్ళీ ఎక్కించాడు. ఈసారి దిగలేదు. నేను నలభై ఏళ్ళు యెజ్డీ నడిపి, "కార్బురేటరు ట్యూనింగు కుదరలేదు" అని మెకానిక్కును తిట్టిన రోజులు కొన్ని గుర్తొచ్చాయి. తప్పు బహుశా అతనిది కాదు, సీళ్ళది.

నాలుగోది, ట్యాంకులో తుప్పు కడగటం, పాత పెట్రోలు పారబోయటం. అక్కడి పెట్రోలులో పదోవంతు ఇథనాలు ఉంటుంది. నెలల తరబడి నిలవుంటే నీటిని పీల్చి కార్బురేటరును పాడుచేస్తుంది. మన దగ్గర కూడా ఇప్పుడు అదే సమస్య. బండి మూలన పెట్టేవారు ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి.

అయిదోది, పాయింట్లు, టైమింగు. ఇక్కడ మాత్రం నేను అడ్డుపడ్డాను. ఫీలరు గేజీ ఆయన చేతిలోంచి తీసుకుని పాయింట్ల మధ్య 0.4 మిల్లీమీటరు నేనే పెట్టాను. చదువు మరిచిపోయినా చేతులు మరిచిపోవు. ఆయన కొలిచి చూసి నోరు మెదపకుండా ఒక కాఫీ కప్పు నా ముందు పెట్టాడు. నాకు ఆఫీసులో ఇచ్చిన ఏ ప్రశంసాపత్రం అంత తృప్తినివ్వలేదు.

ఆరోది, చేతికీ కాలికీ అందే భాగాలు. యాక్సిలరేటరు తిప్పి వదిలితే టక్కున వెనక్కు రావాలి. హ్యాండిలు ఎడమకు తిప్పినా, కుడికి తిప్పినా అట్లాగే రావాలి. చైను లింకు క్లిప్పుకు మూసివున్న కొన చైను పోయే దిశకు ఉండాలి. బ్రేకు, క్లచ్చి లీవర్ల చివర గుండు ఉండాలి, లేకపోతే పడినప్పుడు గుచ్చుకుంటుంది. ఫుట్‌రెస్టు మడిచి వదిలితే తనంతట తాను కిందకు రావాలి. ఇంజను ఆపే మీట బొటనవేలికి అందాలి.

ఇన్ని పనులు. ఆయన దగ్గర వీటికి లెక్క ఏమిటయ్యా అంటే, గోడ మీద అంటించిన ఒక అట్టముక్క. దాని మీద పెన్సిలుతో గీతలు. అందులో కొన్ని తుడుచుకుపోయాయి. ఒకే పని పక్కన రెండు టిక్కులు, ఇంకోదాని పక్కన ప్రశ్నార్థకం.

నేను ఉండబట్టలేకపోయాను. మా మనవడి పాత నోటు పుస్తకం ఒకటి తెచ్చి గడులు కొట్టాను. క్రమసంఖ్య, భాగం పేరు, విప్పిన తేదీ, చూసిన సంగతి, కొలత, చేసిన పని, చేసినవారి సంతకం. చివర ఇంకొక గడి, సరిచూసినవారి సంతకం. మొత్తం 64 పద్దులు వచ్చాయి.

ఇది మన ఎం. బుక్కే. ఇంజనీరింగు శాఖల్లో పనిచేసినవారికి తెలుసు. కొలత రాసినవారు ఒకరు, చెక్ మెజర్‌మెంటు చేసేవారు ఇంకొకరు. ఎంత నిజాయితీపరుడైనా తన కొలతను తానే సరిచూసుకోకూడదు. మనిషి మీద అనుమానంతో పెట్టిన నియమం కాదు అది. ఒకసారి బాగుందనుకున్న చోటికి కన్ను మళ్ళీ పోదు. అందుకు పెట్టిన నియమం.

పెద్దాయన నవ్వాడు. "మీ దేశంలో అంతా ఇంతేనా?" అన్నాడు. "ఇంతే. అందుకే మా కాలువల్లో నూటయాభై ఏళ్ళుగా నీళ్ళు పారుతున్నాయి" అన్నాను. కొంచెం ఎక్కువ చెప్పాననుకోండి. విదేశంలో మన శాఖ పరువు కాపాడాలి కదా.

ఇంతలో ఒక సంగతి జరిగింది. ఒక సాయంత్రం ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి టీ ఇచ్చింది. ఆమె టీ ముట్టకుండా నాతో అన్నది: "నా మాట వినడు. పిల్లల మాట వినడు. నీ మాట వింటాడు. ఈ వయసులో రేసు వద్దని నువ్వు చెప్పు."

ఏం చెప్పను? ఇక్కడ మీకు నా సంగతి ఒకటి చెప్పాలి. దీన్ని ఈ వేదిక మీద చెప్పటానికి పొద్దుటి నుంచి ధైర్యం కూడగట్టుకుంటున్నాను.

2016 ఆగస్టులో నేను మా వీధి మలుపులో యెజ్డీ మీద నుంచి పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్న సంగతి మీకు తెలుసు. మీలో చాలామంది ఆసుపత్రికి పండ్లు తెచ్చారు. కుక్క అడ్డం వచ్చిందని మీ అందరికీ చెప్పాను. కుక్క లేదు, ఏమీ లేదు. ముందు బ్రేకు కేబులు లీవరు దగ్గర పోగులు తెగి ఉంది. రెండు నెలల ముందే చూశాను. నలభయ్యో యాభయ్యో రూపాయల కేబులు. రేపు వేయిద్దాం, ఎల్లుండి వేయిద్దాం అనుకున్నాను. ఆ రోజు మలుపులో ఆటో ఎదురొస్తే బ్రేకు పట్టాను, కేబులు తెగింది. వాన నీళ్ళలో జారాను.

అందరూ "వయసైపోయింది, ఇక బండెందుకు" అన్నారు. మా అబ్బాయి తాళం చెవి బీరువాలో పెట్టాడు. నేను కిమ్మనలేదు. ఎందుకంటే కేబులు సంగతి బయట పడటం కంటే వయసు మీద నెట్టేయటమే నాకు సుళువనిపించింది. తప్పు నాది. శిక్ష మాత్రం నా వయసుకు వేయించాను. ఆ తరువాత రెండేళ్ళు మెట్ల కింద టార్పాలిను కప్పుకుని ఉన్న ఆ బండి పక్క నుంచి పోయేటప్పుడు తల తిప్పుకుని పోయేవాడిని.

కాబట్టి ఆ ఇల్లాలితో "వద్దని చెబుతాను" అనలేకపోయాను. "ఏం ఫరవాలేదు" అని కూడా అనలేకపోయాను. "పుస్తకంలో 64 పద్దులకూ రెండేసి సంతకాలు పడకుండా బండి గ్యారేజీ దాటదు. అంతవరకు నా పూచీ" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "65వ పద్దు రాయి, డాక్టరు" అన్నది. రాశాను. గుండె, రక్తపోటు, కళ్ళు. పెద్దాయన గొణుక్కుంటూ పోయి చూపించుకుని వచ్చాడు. రిపోర్టు తెచ్చి నా ముందు పడేస్తే, తేదీ వేసి పుస్తకంలో అంటించాను.

జూన్ చివరి వారం. 41వ పద్దు, ముందు బ్రేకు లైనింగు. "బాగుంది" అని ఆయన సంతకం ఉంది. కొలత గడి ఖాళీ.

"కొలత ఏది?" అన్నాను.

"చలికాలంలో చూశాను. బాగుంది."

"విప్పి చూశారా?"

"బ్రేకు పట్టుకుంటోంది. విప్పటం ఎందుకు?"

"కొలత లేనిది నేను సంతకం పెట్టను."

ఆయనకు కోపం వచ్చింది. రెంచి బల్ల మీద పడేశాడు. "యాభై ఏళ్ళుగా ఈ బండి నాది" అన్నాడు. నేను పుస్తకం మూసి చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. బిల్లు పాసు చేయమని మీదపడే కంట్రాక్టర్ల ముందు ముప్పై మూడేళ్ళు కూర్చున్నవాడిని. నాకు అలా కూర్చోవటం చేతనవును.

పది నిమిషాల తరువాత ఆయన చక్రం విప్పాడు. బ్రేకు షూ చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పాడు. మాట్లాడలేదు. నా చేతికిచ్చాడు. లైనింగు మందం సరిపోయినంత ఉంది. కానీ ఒక కొస దగ్గర, షూకు అంటించిన జిగురు పట్టు వదిలేసి, గోరు దూరేంత సందు ఉంది. ఏళ్ళు గడిస్తే ఆ జిగురు ఎండి పెళుసవుతుంది. ఆ ముక్క ఊడి డ్రమ్ములో ఇరుక్కుంటే ముందు చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. గుట్ట దిగేటప్పుడు అది జరిగితే ఏమవుతుందో ఇద్దరమూ పైకి అనలేదు.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. నేను కింద పెట్టె మీద కూర్చున్నాను. అప్పుడు చెప్పాను నా కేబులు సంగతి. మా ఆవిడకు కూడా చెప్పని సంగతి, పరాయి దేశంలో పరాయి భాషలో, గ్రీజు గుడ్డ చేతిలో పట్టుకుని చెప్పాను. ఆయన అంతా విని, "అయితే కుక్కకు క్షమాపణ చెప్పు" అన్నాడు. ఇద్దరం కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాము.

కొత్త లైనింగు వేయించాడు. కొలత రాశాడు. నేను సంతకం పెట్టాను. ఆ తరువాత ఆయనే వెనక్కు పోయి, కొలత లేని పద్దులు ఇంకా మూడుంటే విప్పి కొలిచాడు.

జూలైలో పోటీ. మైదానం నిండా పాత బళ్ళు, అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు. మన మహానంది తిరునాళ్ళకు ఇంజను ఆయిలు వాసన కలిపితే ఎట్లుంటుందో అట్లుంది. పాత మడ్‌గార్డులు, పాత కార్బురేటర్లు గోనెల మీద పోసి అమ్ముతున్నారు. 60 దాటినవారి తరగతిలో మా పెద్దాయన. రెండు విడతలు. ఒక్కో విడతను మోటో అంటారు.

మొదటి విడతలో పదకొండు మందిలో ఎనిమిదో స్థానం. ఆయన గుట్ట ఎక్కి చక్రాలు నేల విడిచినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. పక్కన ఆయన భార్య నా మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి రెండు రోజులు నొప్పి పెట్టింది.

రెండో విడతలో ఆరో స్థానంలో పోతున్నాడు. ఇంకొక్క చుట్టు ఉందనగా, వేగం తగ్గించి, చెయ్యి పైకెత్తి వెనుకవారికి సైగ చేసి, పక్కకు తప్పుకుని బాట దిగి వచ్చేశాడు. బండి ఆగిపోయిందేమో అనుకున్నాను. ఇంజను శుభ్రంగా పలుకుతోంది. హెల్మెట్టు తీసి, "చేతులు పట్టు వదులుతున్నాయి. బ్రేకు లీవరు వేళ్ళకు తెలియటం లేదు" అన్నాడు. "ఒక్క చుట్టే కదా" అన్నాడు పక్కన నిలబడ్డ కుర్రవాడు. పెద్దాయన నా చేతిలోని పుస్తకం చూపించి, "కొలత లేకుండా సంతకం పెట్టడు ఈయన" అన్నాడు.

ఆయన భార్య ఏమీ అనలేదు. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. మరుసటి ఏడాది కూడా ఆయన పోటీకి పోయాడని, ఆమె ఈసారి అడ్డు చెప్పలేదని మా అమ్మాయి ఫోనులో చెప్పింది. 41వ పద్దు కింద సరిచూసినవారి గడిలో ఆమె సంతకం పెట్టిందట.

2018 అక్టోబరులో ఇంటికి వచ్చాము. వచ్చిన నాలుగో రోజున మా అబ్బాయిని కూర్చోబెట్టి, కుక్క లేదురా, కేబులు తెగింది అని చెప్పాను. వాడికి కోపం వచ్చింది. "రెండేళ్ళు అబద్ధం చెప్పినావా నాయనా" అన్నాడు. వాడి కోపం న్యాయమైనదే. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఒక కొత్త బ్రేకు కేబులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తాళం చెవి ఇవ్వలేదు. కేబులు మాత్రం తెచ్చాడు.

ఆ చలికాలమంతా నేనూ మా పెద్ద మనవడూ మెట్ల కింద కూర్చుని యెజ్డీ విప్పాము. వాడు చేసినవాడి గడిలో సంతకం పెట్టాడు, నేను సరిచూసినవాడి గడిలో. "తాతా, ఇది కూడా కొలవాలా?" అని విసుక్కుంటూనే కొలిచాడు. సంక్రాంతి రోజు బండి పలికింది. నడిపింది మనవడు. నేను వెనుక కూర్చున్నాను. ఇప్పుడూ అంతే. ఆదివారాలు మాత్రం తెల్లవారుజామున, వీధి ఖాళీగా ఉన్నప్పుడు, చివరి ఇంటి దాకా నేను నడుపుతాను. తాళం చెవి అబ్బాయి తన చేత్తోనే తెచ్చి ఇస్తాడు. గుమ్మంలో నిలబడి నేను తిరిగి వచ్చేదాకా చూస్తాడు. దాన్ని నేను అవమానం అనుకోవటం మానేశాను. చెక్ మెజర్‌మెంటు అనుకుంటున్నాను.

మిత్రులారా, ప్రతి ఏడాది మనం బతికి ఉన్నామని ప్రభుత్వానికి సర్టిఫికెట్టు ఇస్తున్నాము. ఈసారి ఇచ్చేటప్పుడు ఇంకొక కాగితం రాసుకోండి. దాన్ని ఏ ట్రెజరీకీ పంపనవసరం లేదు. రక్తపోటు ఎంత, చక్కెర ఎంత, కళ్ళు ఎప్పుడు చూపించుకున్నాము, గ్యాసు గొట్టం ఎప్పుడు మార్చాము, స్నానాల గదిలో జారే బండ ఏది, స్కూటరు బ్రేకు ఎట్లుంది. "బాగుంది" అని రాయకండి. కొలత రాయండి. పక్క గడిలో సంతకం ఇంట్లో ఇంకెవరి చేతనైనా పెట్టించండి. మన లోపం మనమే చెప్పుకుంటే, వయసు పేరు చెప్పి మన చేతిలోంచి తాళం చెవులు లాక్కునే అవసరం పిల్లలకు కొంత తగ్గుతుంది.

యెజ్డీ బయట చెట్టు కింద ఉంది. మా మనవడు దాని దగ్గరే ఉన్నాడు. చూడదలచినవారు భోజనాల తరువాత చూడవచ్చు. పుస్తకం సీటు కింద పెట్టెలో ఉంది. ముందు బ్రేకు కేబులు పద్దు పోయిన నెలలోనే మళ్ళీ సరిచూశాము.